విద్యుత్తును నిలువజేసిన శాస్త్రజ్ఞుడు: గాస్టన్ ప్లాంటే

పాఠశాలలో విద్యుచ్ఛక్తిని గూర్చి చదువుకొను బాలబాలికలకు వోల్టా, ఫారడే, ఎడిసన్ అను పేళ్లు పరిచితములే. విద్యుత్తును పుట్టించినవారిని, దానిచేత దీపములు వెలిగించినవారిని లోకము మరువలేదు. కాని పుట్టిన విద్యుత్తును ఒక పాత్రయందు నిలువచేసి, అది వ్యయమైన పిమ్మట మరల నింపుకొను ఉపాయమును కనిపెట్టినవాని పేరు మన గ్రామములలో నెరిగినవారు అరుదు. అతడు ఫ్రాన్సు దేశీయుడగు గాస్టన్ ప్లాంటే. పెనుగొండ వీథులలో ప్రతిదినము తిరుగు మోటారు సైకిళ్లలో పీట క్రిందనో పక్కభాగమునందో అమర్చియుండు చిన్న పెట్టె అతని పరిశ్రమకు ఫలమే. ఆ పెట్టె పనిచేసినంతకాలము దానిని తలచువారు లేరు. ఒక ఉదయమున మీట నొక్కినను బండి పలుకకున్నప్పుడు మాత్రము దానిని నిందింతుము. అట్లు చచ్చినదనుకొన్న బ్యాటరీని మరల బ్రదికించు మర్మము సయితము ప్లాంటే జీవితకార్యమునందే ఇమిడియున్నది. కావున అతని చరిత్రమును, ఆ మర్మమును కూడ ఇచట సంగ్రహముగా వివరింతుము.

గాస్టన్ ప్లాంటే 1834 వ సంవత్సరము ఏప్రిల్ 22 వ తేదీన ఫ్రాన్సు దేశపు నైరృతిభాగమున, పిరనీసు పర్వతములకు చేరువనున్న ఓర్తెజ్ అను చిన్నపట్టణమునందు జన్మించెను. అతని తమ్ముడు ఫ్రాన్సిస్ ప్లాంటే పియానో వాద్యమునందు అసమాన ప్రజ్ఞ గడించి, 1934 వ సంవత్సరమువరకును జీవించి యశస్సు నందెను. ఒకే యింట పుట్టిన ఇరువురు సోదరులలో ఒకరు నాదమును, మరియొకరు విద్యుత్తును ఉపాసించి, ఇరువురును కృతార్థులగుట విశేషమే. తమ్ముని కీర్తి సభామందిరములలో వెల్లివిరిసినది. అన్నగారి కీర్తి ప్రయోగశాల గోడలు దాటుటకు ఇరువది సంవత్సరములకు పైగా పట్టినది.

ప్లాంటే పారిస్ నగరమున విద్య నభ్యసించి, 1854 వ సంవత్సరమున, తన యిరువదియవ యేట, అచ్చటి కళాశిల్ప విద్యాలయమున భౌతికశాస్త్ర సహాయకుడుగా ప్రవేశించెను. అచ్చట ఆచార్యుడుగా నుండిన ఎడ్మండ్ బెకెరెల్ విద్యుత్తును, కాంతిని గూర్చి పరిశోధనలు చేసిన ప్రసిద్ధుడు. సహాయకుని పని యనగా ఉపన్యాసమునకు ముందు పరికరములను సిద్ధపరచుట, తీగలు కలుపుట, ఆమ్లపాత్రలు కడుగుట మొదలగు సామాన్య కార్యములు. ప్లాంటే వీనిని చులకనగా జూడలేదు. చేతులతో పనిచేయుచు, కన్నులతో గమనించుచు, మనస్సుతో ప్రశ్నించుచు నుండుటయే అతని అభ్యాసము.

అతని సూక్ష్మదృష్టికి నిదర్శనముగా ఒక సంగతి చెప్పవచ్చును. 1855 వ సంవత్సరమున పారిస్ సమీపముననున్న మ్యూడాన్ అనుచోట నేలపొరలలో అతనికి ఒక పెద్దపక్షి శిలాజము దొరకినది. అది ఎగురజాలని పక్షి. మనిషికన్న ఎత్తుగా పెరుగునట్టిది. కోట్ల సంవత్సరములకు పూర్వమే అంతరించిన జాతికి చెందినది. పండితులు ఆ యువకుని గౌరవార్థము ఆ పక్షికి గాస్టార్నిస్ అని నామకరణము చేసిరి. ఇరువదియొక్క యేండ్ల వయస్సున శాస్త్రగ్రంథములలో తన పేరు నిలిచినను, ప్లాంటే అంతటితో తృప్తిపడక తన విద్యుత్ప్రయోగములకే మరలెను.

ఆ కాలమున విద్యుత్తు ఏ స్థితిలో నుండెనో చదువరులు తెలిసికొనవలెను. 1800 సంవత్సరమున ఇటలీ దేశీయుడైన వోల్టా రెండు లోహపు బిళ్లల నడుమ ఉప్పునీట తడిపిన గుడ్డ నుంచి, అట్టి జతలను ఒకదానిపై నొకటి పేర్చి, ఎడతెగని విద్యుత్ప్రవాహమును మొదట పుట్టించెను. పిమ్మట అనేకులు దానిని బాగుచేసిరి. అయినను ఆ ఘటములన్నిటికిని ఒక్కటే కొదువ. వానిలోని తుత్తునాగము ఆమ్లమునందు కరగుచు శక్తి నిచ్చును. అది కరగిపోయినతోడనే ఘటము పనికిమాలినదగును. పొయ్యిలో కాలిన కట్టె మరల కట్టె కాదుగదా. అట్లే వ్యయమైన ఘటమును మరల నింపు మార్గము నాడు ఎవరికిని తెలియదు.

అయితే ఒక చిత్రమును కొందరు గమనించియుండిరి. రెండు లోహపు రేకులను ఆమ్లజలమున ముంచి, వానిగుండ కొంతసేపు విద్యుత్తును పంపి, తరువాత మూలఘటమును తొలగించినయెడల, ఆ రేకులనుండియే ఒక స్వల్పప్రవాహము వెనుకకు వచ్చుచుండెను. జర్మనీ దేశీయుడగు రిట్టర్ 1803 లోనే దీనిని పరీక్షించెను. 1854 లో సిన్‌స్టెడెన్ అను మరియొక జర్మను వైద్యుడు సీసపు రేకులతో ఇట్టి ఫలితమునే కనుగొనెను. కాని తంతి వార్తల శాఖవారికిని తక్కిన పనివారికిని ఈ ఎదురుప్రవాహము అసలు ప్రవాహమును బలహీనపరచు ఒక పీడగానే తోచుచుండెను. దానిని ఎట్లు పోగొట్టుదుమాయని అందరును ఆలోచించుచుండగా, దీనిని ఎట్లు పెంపొందింతునాయని ఆలోచించినవాడు ప్లాంటే.

1859 వ సంవత్సరమున, తన యిరువదియైదవ యేట, అతడు రాగి, వెండి, తగరము, ఇనుము, బంగారము, ప్లాటినము, సీసము మొదలగు పలులోహములను ఒక్కొక్కటిగా గంధకామ్లజలమునందు ముంచి ఎదురుప్రవాహమును కొలిచెను. అన్నిటిలో మిక్కిలి బలమైనదియు, మిక్కిలి నిలుకడగలదియు సీసపు ప్రవాహమేయని తేలినది. బంగారము, ప్లాటినము ఓడినచోట, చవుకయైన సీసము గెలిచినది. వెంటనే అతడు రెండు పొడవైన సీసపు రేకులను తీసికొని, నడుమ ముదుకగుడ్డ పరచి, అవి ఒకదానినొకటి తాకకుండునట్లు చాపవలె చుట్టి, ఆ చుట్టను గాజుపాత్రలో నుంచి, పదింట ఒకపాలు గంధకామ్లము కలిసిన నీటిని పోసెను. తరువాత గుడ్డకు మారుగా రబ్బరు పట్టీలను వాడెను. ఇదియే లోకమునందలి మొదటి సీసపు బ్యాటరీ. రేకును చుట్టుటవలన చిన్నపాత్రలో విశేషమైన వైశాల్యము అమరినది. అందుచేత ప్రవాహము బలముగా వచ్చినది.

ఈ పెట్టెలో జరుగు పని ఏమి? బయటనుండి విద్యుత్తును పంపినప్పుడు ఒక రేకుపై ముదురు గోధుమవర్ణముగల సీసపు పెరాక్సైడు ఏర్పడును. రెండవ రేకు మెత్తని బూడిదవన్నె సీసముగా మారును. వాడుకొనునప్పుడు ఆమ్లమునందలి గంధకభాగము రెండు రేకులలోనికిని చేరి, రెండును సీసపు సల్ఫేటు అను తెల్లని పదార్థముగా మారును. మిగిలిన ద్రవము పలుచనై నీటిని పోలియుండును. మరల విద్యుత్తును పంపినయెడల ఆ సల్ఫేటు విడిపోయి గంధకభాగము ద్రవమునకు తిరిగివచ్చును. ఇరువైపులను సల్ఫేటు ఏర్పడుననుటను 1882 లో గ్లాడ్‌స్టన్, ట్రైబ్ అను ఆంగ్ల రసాయనజ్ఞులు స్పష్టపరచిరి. ఇట్టి ఘటమొక్కటి సుమారు 2 వోల్టుల నిచ్చును. నేటి మోటారు సైకిలు బ్యాటరీలో అట్టివి ఆరు వరుసగా నుండుటచేత 12 వోల్టులు వచ్చుచున్నవి.

మన డెల్టావారికి ఇది కష్టమైన విషయము కాదు. వేసవిలో కాలువలు కట్టివేయుటకు ముందుగా ఊరిచెరువును కాలువనీటితో నింపుదురు. కాలువ ఎండిననాళ్లలో ఆ నీరే గ్రామమును కాపాడును. చెరువు నీటిని పుట్టింపదు, వచ్చిననీటిని దాచును. బ్యాటరీయు అట్టిదే. చెరువు అడుగంట నెండి మాసములతరబడి వదలివేయబడినయెడల మన్ను బిగిసి, బీటలువారి, మరల నీరు నిలుచుట ప్రయాసమగును. బ్యాటరీకిని ఆ గతియే పట్టును. దానిని ముందు చెప్పుదుము.

ప్లాంటే కనిపెట్టిన ఘటమునకు మొదట ఒక లోపముండెను. క్రొత్త సీసపు రేకు గట్టిది. పైపొర మాత్రమే మార్పుచెందును గనుక అందు నిలుచు విద్యుత్తు స్వల్పము. దీనికి ప్లాంటే కనుగొన్న ఉపాయము మందు కాదు, యంత్రము కాదు, ఓర్పు. అతడు ఘటమును నింపును, ఖాళీచేయును, ప్రవాహపుదిక్కు మార్చి మరల నింపును. నడుమ నడుమ దానిని నిండినస్థితిలో కొన్ని గంటలు, పిమ్మట కొన్ని దినములు, పిమ్మట వారములకొలది విశ్రాంతిగా నుంచును. ఇట్లు మాసములు గడచునప్పటికి సీసము లోలోపలికి గుల్లబారి, మెత్తనై, మొదటికంటె ఎన్నోరెట్లు విద్యుత్తును పట్టును. ఈ క్రియకు అతడు తీర్చుట యను అర్థమిచ్చు పేరు పెట్టెను. పెక్కేండ్ల పిమ్మట రేకులను ముందుగా నత్రికామ్లజలమునందు నానబెట్టి ఈ కాలమును తగ్గించు మార్గమును కూడ అతడే చూపెను. ఎంత తొందరపడినను రేకు తన సమయమునందే సిద్ధపడునను సత్యమును ప్లాంటే తన ప్రయోగశాలలో ఎన్నిమారులు నేర్చుకొనెనో!

1860 లో అతడు ఇట్టి ఘటములు కొన్నిటిని ఒక్క బ్యాటరీగా కూర్చి ఫ్రెంచి విజ్ఞానపరిషత్తుయెదుట ప్రదర్శించెను. ఆ సంవత్సరమే సామాన్యజనులకు విద్య గరపుటకై ఏర్పడిన పాలిటెక్నిక్ సంఘమున భౌతికశాస్త్రాచార్యుడయ్యెను. పగలెల్ల కూలిపనులు చేసికొని వచ్చు శ్రామికులు ఆ సంఘపు ఉపన్యాసములకు శ్రోతలు. పండితపరిషత్తులో మన్నన బడసినవాడు పనివాండ్రకు పాఠము చెప్పుటకు సంకోచింపలేదు.

పరిషత్తు మెచ్చినను లోకము వెంటనే ఆదరింపలేదు. దానికి కారణము సులభము. బ్యాటరీని నింపుటకు విద్యుత్తు కావలయునుగదా. ఆనాడు విద్యుత్తును విరివిగా నిచ్చు యంత్రము లేదు. ప్లాంటే తన ఘటమును బున్సెన్ ఘటములతో నింపవలసివచ్చెను. అనగా తుత్తునాగమును కరగించి సీసమున దాచుట. ఇది ధనవంతుని వినోదముగా తోచెనేగాని వ్యవహారమునకు కుదురలేదు. అతడు నిరాశచెందక చిన్నపనులకు దానిని ఉపయోగించి చూపెను. నిలువయున్న విద్యుత్తుతో సన్నని తీగను ఎఱ్ఱగా కాల్చి దీపమును వెలిగించు పరికరమొకటి చేసి, ప్రాచీన రసవాదులు సీసమునకు శనిగ్రహము పేరు పెట్టియుండిరి గనుక, దానికి శనిగ్రహపు చెకుముకి యని పేరిడెను.

అతని దృష్టి ఆకాశమువైపునకును మరలెను. ఎనిమిదివందల ఘటములను కూర్చి, తన ప్రయోగశాలలోనే మెరుపులను పోలిన వెలుగులను పుట్టించెను. అభ్రకపు పలకలతో చేసిన యంత్రమొకటి కల్పించి ఆ బలమును ఇంకను పెంచెను. మన గూడూరు గనులవలన అభ్రకము తెలుగువారికి తెలిసిన వస్తువే. నీటిపై ఉండలవలె కదలు అగ్నిగోళములను ప్రయోగమున పుట్టించి, పెనువానలయందు కొందరు చూచినట్లు చెప్పు గోళాకారపు పిడుగును గూర్చి విచారించెను. ఈ పరిశోధనలన్నిటిని 1879 లో గ్రంథరూపమున ప్రకటించెను. దాని ఆంగ్లానువాదము 1887 లో వెలువడినది.

ఇంతలో కాలము మారినది. 1871 లో గ్రామ్ అను శిల్పి తిప్పినకొలది విద్యుత్తు నిచ్చు డైనమో యంత్రమును పరిషత్తునకు చూపెను. నింపుటకు కావలసిన ప్రవాహము దొరకినది. అప్పుడు లోకమునకు ప్లాంటే జ్ఞప్తికి వచ్చెను. 1881 ప్రాంతమున కమిల్ ఫోర్ అను మరియొక ఫ్రెంచివాడు సీసపు రేకుపై సీసభస్మమును ఆమ్లముతో ముద్దచేసి పూసి, మాసములపాటు తీర్చవలసిన పనిని మిక్కిలి తగ్గించెను. నేటి మోటారు సైకిళ్ల బ్యాటరీ రేకులు ఈ పూతపద్ధతిననుసరించియే తయారగుచున్నవి. ఆ 1881 లోనే గుస్తావ్ త్రూవే అను శిల్పి ప్లాంటే ఘటములను మూడుచక్రముల బండిపై నమర్చి పారిస్ వీథిలో నడపెను. నేడు మన రహదారులపై తిరుగు విద్యుత్తు ఆటోలకు దానిని తాతగా నెన్నవచ్చును.

తగిన గౌరవములును ఆలస్యముగానైనను లభించెను. 1881 లో ఫ్రెంచి ప్రభుత్వమువారు లీజియన్ ఆఫ్ ఆనర్ అను బిరుదముతో అతనిని సత్కరించిరి. 1889 వ సంవత్సరము మే 21 వ తేదీన, పారిస్ చెంతనున్న బెల్‌వ్యూ గ్రామమున, యేబదియైదవ యేట ప్లాంటే పరమపదించెను. ఆ మాసముననే పారిస్ నగరమున ప్రపంచ ప్రదర్శనము తెరువబడినది. ఐఫిల్ గోపురమును చూచుటకు జనులు తండోపతండములుగా వచ్చుచుండిరి. విద్యుచ్ఛాస్త్రమున విశేషమైన క్రొత్తసంగతిని కనుగొన్నవారికి బహుమతి నిచ్చుటకు అతని పేర విజ్ఞానపరిషత్తునందు ఒక నిధి ఏర్పడినది.

ఇక మన యింటిసంగతికి వత్తము. గోదావరి మండలములనుండి అనేకులు గల్ఫు దేశములకు జీవనోపాధికై పోవుచున్నారు. వారి బండ్లు మాసములకొలది వసారాలో నిలిచియుండును. బండి నిలిచియున్నను బ్యాటరీ ఊరకుండదు. తనంతట తాను కొంచెము కొంచెము దిగిపోవుచుండును. బండిలోని గడియారము, దొంగభయమునకై అమర్చిన అలారము మరికొంత త్రాగును. కడకు మీట నొక్కిన టిక్కుమను శబ్దమే గాని బండి కదలదు. బ్యాటరీ చచ్చినది, క్రొత్తది వేయవలెనని మెకానిక్కు చెప్పును. వేయి రూపాయలకు పైబడిన వ్యయము బీదకుటుంబమునకు అల్పము కాదు. అది నిజముగా చచ్చినదా, లేక మూర్ఛపోయినదా యని విచారించుట మన ధర్మము.

వాడుకయందు ఏర్పడిన సల్ఫేటు మొదట మిక్కిలి సన్నని పలుకులుగా నుండును. వెంటనే నింపినయెడల సులభముగా కరగును. ఖాళీస్థితిలో వారములు, మాసములు వదలినయెడల ఆ పలుకులు పెరిగి, గట్టిపడి, రేకులను తెల్లని పెంకువలె కప్పును. పెంకు విద్యుత్తును లోనికి రానీయదు. ఇదియే మూర్ఛ. ప్లాంటే నిండినస్థితిలో ఇచ్చిన విశ్రాంతి రేకును తీర్చినది. ఖాళీస్థితిలో మనమిచ్చు విశ్రాంతి దానిని చెరచుచున్నది.

మొదట పరీక్షింపవలెను. పెట్టె ఉబ్బినను, పగిలినను, కారుచున్నను దానిని బ్రదికింప బూనరాదు. బాగుగానున్నచో బండినుండి ఋణధ్రువపు తీగను ముందుగాను, ధనధ్రువపు తీగను తరువాతను విప్పి బ్యాటరీని వెలుపలికి తీయవలెను. తిరిగి బిగించునప్పుడు ఈ క్రమము తారుమారు కావలెను. మల్టీమీటరుతో కొలిచినయెడల, విశ్రాంతిగానున్న నిండు బ్యాటరీ 12.6 వోల్టులకు తగ్గక చూపును. 12 వోల్టులకు దిగిన మిక్కిలి ఖాళీ. 10.5 వోల్టులకును దిగినది అడుగంటినది. మూతలు గల పాతరకము బ్యాటరీయైనచో రేకులు మునుగువరకు డిస్టిల్డు వాటరు పోయవలెను. కుళాయినీరు, బావినీరు కూడదు. ఆమ్లమును ఎన్నడును పోయరాదు. ఏలయన ఆమ్లము పోలేదు, సల్ఫేటులో దాగియున్నది. నింపినకొలది ద్రవము పైకివచ్చును గనుక గీతవరకు నీరు నింపుట చార్జింగు ముగిసినతరువాతనే చేయవలెను. మూతలులేని బిగింపురకము బ్యాటరీని తెరువరాదు.

పిమ్మట చార్జరు కలుపవలెను. ధనమునకు ధనము, ఋణమునకు ఋణము. సామాన్యముగా బ్యాటరీ పరిమాణములో పదియవవంతు ప్రవాహము తగినది. 5 ఆంపియరు గంటల బ్యాటరీకి అర ఆంపియరు. మూర్ఛపోయినదానికి అందులో సగము, అనగా పావు ఆంపియరు చాలును. వోల్టులు 14.4 దాటనీయరాదు. మొదటిగంటలలో అది ప్రవాహమును స్వీకరింపనట్లే తోచును. వోల్టులు తటాలున పైకిలేచును. అప్పుడు ప్రవాహమును పెంచి బలవంతము చేయువాడు రేకులను కాల్చి చెరచును. వేచియుండువాడు గెలుచును. పెంకు కరగినకొలది బ్యాటరీ మెల్లమెల్లగా త్రాగనారంభించును. ఇది ఒక రాత్రి పని కాదు. ఇరువదినాలుగు గంటలు, ఒక్కొక్కప్పుడు అంతకన్న అధికము పట్టును. నేటి తెలివిగల చార్జర్లలో కొన్ని మిక్కిలి దిగిపోయిన బ్యాటరీని గుర్తింపనే గుర్తింపవు. అప్పుడు అదే వోల్టుల మంచి బ్యాటరీని దానికి జతగా కొన్ని నిమిషములు కలిపి, కొంత ప్రాణము వచ్చినతరువాత చార్జరును పనిలో పెట్టుదురు. ఈ పనిని తెలిసినవారిచేతనే చేయింపవలెను.

చార్జింగు ముగిసినపిమ్మట ఒక రేయింబగలు విశ్రాంతి నిచ్చి కొలువవలెను. 12.4 వోల్టులకు పైన నిలిచినచో ఆశ కలదు. ఒక చిన్నబల్బును కొంతసేపు వెలిగించి, మరల మెల్లగా నింపవలెను. ఇట్లు రెండుమూడు మారులు చేయుటవలన శక్తి పెరుగును. ఇది ప్లాంటే తీర్చుపద్ధతికి మనుమరాలని చెప్పదగును. అన్ని గంటలు నింపినను 10.5 వోల్టుల దగ్గరనే ఆగినచో ఆరు ఘటములలో ఒకటి నశించినదని తెలియవలెను. అట్టిదానికి వైద్యము లేదు. ఎప్సము ఉప్పు, ఆస్పిరిను మాత్రలు వేసిన బాగగునను మాటలు నమ్మదగినవి కావు. అవి నశించిన రేకును తిరిగి తేలేవు. మాత్రలు సీసమును తినివేయును గూడ.

బాలబాలికలు ఈ పనిని పెద్దల సమక్షముననేగాని చేయరాదు. చార్జింగు వేళ బ్యాటరీనుండి ఉదజని వాయువు వెలువడును. నిప్పురవ్వ సోకిన పెట్టె పేలి ఆమ్లము కన్నులలో పడవచ్చును. కావున గాలియాడుచోట, బీడీ, అగ్గిపుల్ల, పొయ్యి దరిదాపులలో లేకుండ, కన్నులకు అద్దములు ధరించి చేయవలెను. ఆమ్లము మీద పడినచో వెంటనే విస్తారమైన నీటితో కడిగి, కంటబడినచో వైద్యుని చూడవలెను. వేడెక్కిన బ్యాటరీకి చార్జింగు ఆపవలెను.

బ్రదుకని బ్యాటరీని పెరటిలో పగులగొట్టుట, కాలువలో పారవేయుట మహాపరాధము. సీసము విషము. అది పసిపిల్లల రక్తమునందు చేరి మెదడు పెరుగుదలను చెరచును. ఎంత స్వల్పమైనను క్షేమమను పరిమాణము దానికి లేదు. ధవళేశ్వరపు ఆనకట్టనుండి వచ్చు నీరు మన చేలకును, చెరువులకును, కడవలకును అదే నీరు. మన దేశమున 2001 నుండియు, తరువాత 2022 నాటి నిబంధనలచేతను, పాత బ్యాటరీలను తిరిగి సేకరించు ఏర్పాటు చట్టబద్ధమైనది. దుకాణమున ఇచ్చినయెడల వెల కొంత తగ్గును, సీసము కరగి మరల క్రొత్త బ్యాటరీయగును.

అన్నిటికన్న మేలైనది మూర్ఛ రానీయకుండుట. బండిని వారమున కొకమారైనను కొంతదూరము నడపుట, నడపువారు లేనియెడల ఋణధ్రువపు తీగను విప్పియుంచుట, నెలకొకమారు నింపుట. ఈ మూడు పనులకు వ్యయము లేదు, జ్ఞాపకము మాత్రము చాలును.

ప్లాంటే ఆస్తిపరుడుగా గాని అధికారిగా గాని ప్రసిద్ధుడు కాలేదు. తక్కినవారు పీడయని త్రోసివేసిన ఎదురుప్రవాహమును అతడు చేరదీసెను. బంగారమును కాదని సీసమును ఎన్నుకొనెను. నింపుట, ఖాళీచేయుట, వేచియుండుట అను మూడుపనులను మాసములతరబడి విసుగులేక చేసెను. లోకము తనను తలచుటకు ఇరువది సంవత్సరములు పట్టినను పని మానలేదు. మన బడులలోను, మొదటిపరీక్షలో వెనుకబడినవానిని పనికిమాలినవాడని విడిచిపెట్టువారు లేకపోలేదు. తల్లిదండ్రులును, ఉపాధ్యాయులును ఆ సీసపు రేకును తలచుకొందురుగాక. ఒక్కదినమున ఎక్కువ పాఠము కుక్కినచో అది వేడెక్కి చెడును. దినమున కింత చొప్పున, విడువక, ఓపికతో నింపినయెడల మూర్ఛపోయినదియు వెలుగు నిచ్చును.